భద్రాచల యాత్రామార్గములు

భద్రాచలము గోదావరి యెడమగట్టున వెలసిన క్షేత్రము. ఖమ్మము, హైదరాబాదు దిక్కులనుండి వచ్చువారికి నది దాటనిదే స్వామిదర్శనము లేదు. రాజమహేంద్రవరము దిక్కునుండి వచ్చువారికి చిరకాలము ఆ నదియే బాటయై యుండెను. ఒకే గోదావరి కొందరికి దారియై, కొందరికి అడ్డమై నిలుచుటయే ఈ యాత్రాచరిత్రకు మూలము.

పదునేడవ శతాబ్దమున గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలమున పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న ఇచ్చట ఆలయమును నిర్మింపించెను. సర్కారు సొమ్మును అందులకు వెచ్చించెనను నేరముపై ఆయన గోలకొండలో చెరననుభవించెను. పాల్వంచ నదికి కుడివైపున నున్నది. కొలువు ఒక గట్టున, కోవెల మరియొక గట్టున. రామదాసు కీర్తనలు తెలుగునాట ప్రతి పల్లెకును చేరినవి. ఆ కీర్తనలు పాడుకొన్న జనులకు మాత్రము అడవులను, నదిని దాటి భద్రాద్రి చేరుట అంత సులభము కాకుండెను.

కష్టమునకు దూరమొక్కటియే కారణము కాదు, ఋతువును కారణమే. సీతారామకళ్యాణము చైత్రమాసమున జరుగును. అప్పటికి గోదావరి సన్నగిల్లి, ఇసుకతిన్నెలు, రాళ్లు బయటపడును. పెద్ద పడవలు నడచుటకు వీలుండదు. ఆషాఢ శ్రావణములలో నీరు సమృద్ధిగా నుండును గాని, ఆ వరదలో పడవ నెక్కుట ప్రాణములకే ముప్పు. ఉత్సవము నాటికి నీరు చాలదు, నీరు నిండిన నాటికి ఉత్సవము లేదు. ముక్కోటి ఏకాదశి నాటికి మాత్రము నది నెమ్మదించును.

ఈ నదిని ఏడాది పొడవున నడచు బాటగా మార్చవలెనని తలపెట్టినవాడు ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన సర్ ఆర్థర్ కాటన్. ఆయన ఉద్దేశము తీర్థయాత్ర కాదు. బీరారు ప్రత్తిని పడవలపై సముద్రతీరమునకు దింపవలెనని. ఎగువ గోదావరిలో మూడుచోట్ల రాతిపట్టులు నౌకలకు అడ్డుపడుచుండెను. వానిలో మొదటిది భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము. అచ్చట ఆనకట్టయు, లాకులతో కూడిన కాలువయు నిర్మించిరి. కాని వ్యయము పెరిగి, 1871లో ఆ పథకము నిలిచిపోయెను. దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని నిలిచియున్నది.

ఇంతలో పాలనయు మారెను. 1860లో నిజాము ప్రభుత్వము గోదావరి యెడమగట్టు ప్రాంతమును ఆంగ్లేయులకు విడిచిపెట్టెను. 1874లో భద్రాచలము మద్రాసు రాజధానియందలి గోదావరి జిల్లాలో చేరినది. కోస్తాజిల్లాల యాత్రికులు రాజమహేంద్రవరము వరకు రైలులో వచ్చి, అచ్చటనుండి లాంచీలలో పాపికొండల నడుమ ఎదురేగి వచ్చుచుండిరి. నీరు తగ్గినప్పుడు లాంచీలు కూనవరముననే ఆగుచుండెను. తరువాతి దారి బండ్లపైనో, కాలినడకనో.

పడమటి దారి బొగ్గువలన కలిగినది. 1872లో విలియం కింగ్ సింగరేణి ప్రాంతమున బొగ్గును కనుగొనెను. గనులకొరకు డోర్నకల్లునుండి వేసిన రైలుదారి పిమ్మట కొత్తగూడెము చేరినది. ఆ స్టేషనుకు పెట్టిన పేరు భద్రాచలం రోడ్. పేరు చూచి దిగిన యాత్రికునికి స్వామి సన్నిధి ఇంకను 40 కిలోమీటర్ల దూరమున, నదికావల నున్నదని తెలియుచుండెను. ప్రత్తి కొకరు, బొగ్గు కొకరు దారులు వేసిరి. భక్తులు ఆ దారులనే తమవిగా చేసికొనిరి.

1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసెను. జిల్లాకేంద్రము నదికి ఈవల, ఊరు ఆవల నుండుటచే వంతెన అత్యవసరమైనది. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ వంతెనను ప్రారంభించిరి. నాటినుండి వృద్ధులు, పసిబిడ్డల తల్లులు పడవభయము లేక కళ్యాణమునకు రాగలిగిరి. 2024లో దాని ప్రక్కనే రెండవ వంతెనపై రాకపోకలు మొదలైనవి.

అయినను గోదావరి తన మాటను పూర్తిగా విడువలేదు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెనపై రాకపోకలను నిలిపివేసిరి. 2019 సెప్టెంబరు 15న, నది పొంగియున్న వేళ, పాపికొండలు చూడబోవువారి పడవ కచ్చులూరువద్ద మునిగి అనేకులు మరణించిరి. పోలవరము నిర్మాణములో భాగముగా 2021లో నదీప్రవాహమును స్పిల్‌వేకు మరల్చిరి. వెనుకటి లాంచీదారి ఇప్పుడు జ్ఞాపకముగా మిగిలినది.

2014లో పరిసర గ్రామములనేకము ఆంధ్రప్రదేశ్‌లో చేరగా, భద్రాచలము తెలంగాణయందే నిలిచినది. యాత్రికునికి ఆ సరిహద్దు అడ్డము కాదు. రాజమహేంద్రవరమునుండి మారేడుమిల్లి, చింతూరుల మీదుగా కొండదారి కలదు. కొత్తగూడెమునుండి రైలు దిగినవారికి బస్సులు కలవు. కళ్యాణమునకు పోదలచువారు బసను ముందుగా కుదుర్చుకొనుట మేలు. వానకాలమున పోవువారు మరియొకటి కూడ విచారింపవలెను: 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. పూర్వులు పంచాంగమును, నదిని చూచి బయలుదేరిరి. రెండు వంతెనలు గల ఈ దినములలోను వానకాలపు యాత్రకు నది యనుమతియే ముందు కావలెను.