గోదావరి మండలమున కలము నమ్ముకొన్నవారు



మన కవుల కాలమును గూర్చియు, కులగోత్రములను గూర్చియు, వారి కృతులు పొందిన ప్రభువులను గూర్చియు పెద్దలు చాల చర్చించిరి. కాని, కావ్యము వ్రాయుచున్నన్నాళ్లు కవి యింట పొయ్యి యెట్లు వెలిగినదో విచారించినవారు తక్కువ. నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను. పద్యము చక్కగా కట్టగల పిల్లవాడు కానవచ్చినప్పుడెల్ల వాని తండ్రి నన్నడుగు మాట యొక్కటే: “మాస్టారూ, ఇది కూడు పెట్టే విద్యేనాండీ?” కోటి విద్యలు కూటికొఱకే యను లోకమున ఆ తండ్రి యడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి ప్రత్యుత్తరము మన గోదావరి మండలముల చరిత్రలోనే కొంత దొరకును.

పూర్వము కవిని పోషించినది భూమి. క్రీస్తుశకము 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుడు, నన్నయభట్టునకు భారతరచనలో తోడ్పడిన నారాయణభట్టునకు కోనసీమలోని నందంపూడిని అగ్రహారముగా నిచ్చెను. ఆ దానశాసనమును రచించినవాడు నన్నయభట్టే. అగ్రహారము దొరకిన పండితునకు తరతరములకు తిండి కఱవు లేదు. కాని యట్టి దానము రాజు మనస్సు మీద ఆధారపడినది. రాజు రాజ్యము మీద ఆధారపడినవాడు. 15వ శతాబ్దిలో శ్రీనాథుడు ఇదే రాజమహేంద్రవరమున రెడ్డిరాజుల యాస్థానమున వైభవము ననుభవించెను. కాశీఖండమును వీరభద్రారెడ్డి కంకిత మిచ్చెను. ఆ రాజ్యము కూలిన పిమ్మట, ఆ మహాకవి ముసలితనమున కృష్ణాతీరమున పొలము గుత్తకు బట్టి, పంట వఱదపాలు కాగా, పన్ను చెల్లింపలేక శిక్ష ననుభవించెనని పరంపరగా చెప్పుకొందురు. ఒక్క చెట్టు నీడను నమ్ముకొన్నవానికి ఆ చెట్టు కూలిన నాడు మిగులునది యెండయే గదా!

ఈ పద్ధతి మాఱుటకు మొదటి కారణము నీరు. 1847లో ఆరంభమైన ధవళేశ్వరపు టానకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. కాలువలు పాఱినవి, పంటలు పండినవి, రైతు చేతిలో రొక్క మాడినది. బడులు వెలసినవి, అచ్చుకూటములు వచ్చినవి. ఒక రాజు వేయి రూకలిచ్చుటకు మాఱుగా, వేయిమంది తలకొక రూక యిచ్చి పుస్తకము కొను కాల మిట్లు సమకూడెను.

ఆ మార్పును మొదట గుర్తించి వినియోగించుకొన్నవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగా రగ్రగణ్యులు. వారు బడిపంతులుగా జీతము తీసికొనుచునే 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. కొలదికాలమునకే సొంత అచ్చుకూటమును నెలకొల్పుకొనిరి. రాజశేఖరచరిత్రము తొలుత ఆ పత్రికలో ప్రకటితమై, 1880లో గ్రంథముగా వెలువడెను. ఆ పత్రికలోనే వారు లంచగొండుల నెండగట్టిరి. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు ఊరెల్ల నెదురు తిరిగినను వారి కలము ఆగలేదు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ఆ వివాహోద్యమమునకు ధనసహాయము చేసిన మాట నిజమే. కాని పంతులుగారి యింటి కూడు ఏ యొక్కరి దయ మీదను ఆధారపడి యుండలేదు. జమీందారు వార్షికమే జీవనాధారమైయున్నచో అట్టి వ్రాతలు సాగియుండునా యని మీరే యోచింపుడు. తుదకు తమ యార్జనమును 1906లో స్థాపించిన హితకారిణీ సమాజమున కర్పించిరి.

పాత పద్ధతికిని క్రొత్త పద్ధతికిని నడుమ నిలిచినవారు తిరుపతి వేంకటకవులు. యండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును, కడియము వాస్తవ్యులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును ఒక్క ద్వారము కడ కాచుకొని యుండలేదు. పట్టణము నుండి పట్టణమునకు, సంస్థానము నుండి సంస్థానమునకు తిరిగి శతావధానములు చేసిరి. నూర్గురు పృచ్ఛకులకు పద్యములు చెప్పి, సభవారి సంభావనలను దర్జాగా గైకొనిరి. ఇది దానము కాదు, విద్యకు కూలి. అయినను ఆ కూలి దేహబలము ఉన్నంతవఱకే. అందుచేతనే తిరుపతిశాస్త్రిగారు పోలవరము జమీందారు నాస్థానమున నిలువగా, వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలులో పండితపదవి నంగీకరించిరి. వారి పాండవోద్యోగ నాటకముల పద్యములు మన యూళ్లలో పసులకాపరుల నోట సయిత మాడినవి. పద్యము వాడవాడలకు ప్రాకుట వేఱు. దాని ప్రతిఫలము రచయిత యింటికి చేరుట వేఱు.

రచన యింటికి ధనము తెచ్చిన దృష్టాంతము చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిది. 1867లో ఖండవల్లిలో జన్మించిన వీరికి బాల్యమునుండియు చూపు మందము. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయులుగా నుండుచునే నాటకసమాజమువారి కోరికపై 1889లో కీచకవధమును వ్రాసిరి. పిమ్మట వ్రాసిన గయోపాఖ్యానములో టంగుటూరి ప్రకాశముగారు యౌవనమున అర్జునవేషము ధరించిరి. ఆ పుస్తకము లక్షకు మించి చెల్లినదని ప్రసిద్ధి. 1894లో చింతామణి పత్రికవారి పోటీలో వీరి రామచంద్రవిజయము బహుమాన మందెను. కన్నులు పూర్తిగా పోయిన పిదప, తాము చెప్పుచుండగా నితరులచేత వ్రాయించి గ్రంథములు వెలువరించిరి. మనోరమ, దేశమాత యను పత్రికలు నడపిరి. చూపు లేని మనుష్యుడు తన మాటచేతనే గౌరవముగా బ్రదుకుట సామాన్యవిషయమా?

చట్టము కూడ రచయితకు కొంత యండ నిచ్చినది. 1914 నాటి చట్టము, దాని స్థానమున వచ్చిన 1957 నాటి చట్టము గ్రంథస్వామ్యమును రచయిత సొత్తుగా గుర్తించినవి. అయినను ఇంట బియ్యము నిండుకొన్ననాడు, ఆ సొత్తును ఒక్క మొత్తమునకు ప్రకాశకునకు విక్రయించి చేతులు దులుపుకొన్న తెలుగు రచయితలు పెక్కుమంది. పొలమూరులో 1891లో జన్మించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వేదపండితుల కుటుంబమువారై యుండియు తెలుగు రచననే వరించిరి. చిన్నకథలు వ్రాయుటతో పాటు ఆయుర్వేదగ్రంథములను తెలుగున వెలయించిరి. ప్రబుద్ధాంధ్ర పత్రికను నడపిరి. 1961లో రాజమహేంద్రవరమున దేహము చాలించువఱకు వారిది కలము పట్టిన బ్రదుకే. పిఠాపురపు ప్రాంతమువారైన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు రేడియోకు గేయములును, 1951 నాటి మల్లీశ్వరి చిత్రమునకు పాటలును వ్రాసిరి. అట్లు రచయితకు మఱి రెండు దారులు తెఱచుకొన్నవి.

వీరందఱి జీవితములను ఒక్కచోట నుంచి చూచిన నాకు తోచినది చెప్పెదను. మన మండలమున కేవలము కలము చేతనే సుఖముగా బ్రదికినవా రరుదు. పంతులుగారికి బడి, అచ్చుకూటము, వేంకటశాస్త్రిగారికి పండితపదవి, చిలకమర్తివారికి చదువు చెప్పుట, శాస్త్రిగారికి పత్రిక. ఈ రెండవ వృత్తి వారి రచనకు లోపము గాదు. అన్నము నాలుగు దిక్కులనుండి వచ్చుటచేతనే ఏ యొక్కడును వారి కలమును పట్టి ఆపలేకపోయెను. కావున తండ్రులతో నేను చెప్పున దిది: పిల్లవానికి మఱియొక విద్య నేర్పింపుడు, కాని వాని చేతి కలమును లాగుకొనకుడు.

ఇక పెద్దలైన మీతో నొక మాట. మన యూరివాడు పుస్తకము వేసిన నాడు, ప్రతి నుచితముగా తీసికొని శాలువ కప్పి పంపుట మనకు వాడుక. శాలువ యింటిల్లిపాదికి అన్నము పెట్టదు. ప్రతికి వెల యిండు. 1948లో మద్రాసు రాష్ట్రమునను, 1960లో ఆంధ్రప్రదేశమునను గ్రంథాలయ చట్టములు వచ్చినవి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్నును మీరు చెల్లించుచునే యున్నారు. ఆ ధనముతో మీ శాఖా గ్రంథాలయమునకు ఈ యేడు వచ్చిన క్రొత్త పుస్తకము లెన్నియో వెళ్లి యడుగుడు. అడుగువా రున్నచోట కొనువారుందురు. కొనువారున్నచోట వ్రాయువాడు తలయెత్తుకొని బ్రదుకును.