బెంగ, దిగులు, మనాది: మనోవ్యాధుల చరిత్రలో విస్మృతాంశము

మనోవ్యథను చెప్పుటకు తెలుగున మాటలకు కొదువ లేదు. వెర్రి, పిచ్చి, మతిభ్రమణము అనునవి ఒక వరుస. బెంగ, దిగులు, గుబులు, కలత అనునవి వేరొక వరుస. తెలంగాణమున రంది, మనాది అను మాటలు నేటికిని ఇంటింట వినవచ్చును. ఈ రెండు వరుసలను లోకము రెండు విధములుగా చూచినది. వెర్రివానిని వైద్యునికో, భూతవైద్యునికో, అధికారికో అప్పగింతురు. బెంగపెట్టుకొన్నవానిని ‘ఊరుకో, అన్నియు సర్దుకొనును’ అని ఓదార్చి విడుతురు. మనోవ్యాధుల చరిత్రయు ప్రాయికముగా మొదటి వరుసకు చెందిన చరిత్రయే. సంఖ్యలో మిక్కిలి హెచ్చయిన రెండవ వరుసవారు ఆ చరిత్రలో ఎట్లు జారిపోయిరో పరిశీలించుట మా యుద్దేశము.

చరకసంహితలో నిదానస్థానమున ఏడవ అధ్యాయమును, చికిత్సాస్థానమున తొమ్మిదవ అధ్యాయమును ఉన్మాదమునకు కేటాయింపబడినవి. మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను ఎనిమిదింటి విభ్రమమే ఉన్మాదమని అందలి నిర్వచనము. ఇచట భక్తి యనగా దైవభక్తి కాదు; ఇష్టము, అభిరుచి. నిన్నటివరకు ప్రీతిపాత్రమైనది నేడు రుచింపకపోవుటయు వ్యాధిలక్షణములలో చేరినదన్నమాట. నేటి వైద్యులు కుంగుబాటునకు చెప్పు ముఖ్యలక్షణములలో ఇదియు నొకటి. అంతమాత్రమున నేటి శాస్త్రమంతయు చరకునకు ముందే తెలియునని వాదించుట మాకు సమ్మతము కాదు. పరిశీలన నిశితమైనదనుట వేరు, సిద్ధాంతము ఒకటే యనుట వేరు.

ఉన్మాదము ఐదు విధములని చరకుని మతము: వాత, పిత్త, కఫ, సన్నిపాతజములు నాలుగు, ఆగంతువు ఐదవది. దేవ, గంధర్వ, పిశాచాదుల ప్రసక్తి ఈ ఐదవదానియందే వచ్చును. అయినను, తనంతట తాను చెడనివానిని దేవతలుగాని పిశాచములుగాని బాధింపవనియు, మూలకారణము ప్రజ్ఞాపరాధమేననియు నిదానస్థానమున స్పష్టముగా చెప్పబడినది. ఇది గొప్ప మాటయే. భూతభయమును సగము పోగొట్టినది. కాని దీనికి రెండవ అంచు కూడ కలదు. దయ్యముమీదనుండి దించిన నేరము రోగి తలపైకి వచ్చినది. ‘నీ బెంగకు నీవే కారణము’ అను నింద నేటికిని మన యిండ్లలో వినబడుచునే యున్నది.

చికిత్సయందును ఇట్టి ద్వంద్వమే కలదు. అహితవిషయములనుండి మనస్సును మరల్చుటను సత్త్వావజయమని పేర్కొని, దైవవ్యపాశ్రయ, యుక్తివ్యపాశ్రయములతో సమానముగా మూడవ చికిత్సగా సూత్రస్థానమున నిలిపిరి. ఇష్టవస్తువు నశించుటచే మనస్సు దెబ్బతిన్నవానికి తత్సదృశమైనదానిని సమకూర్చి, సాంత్వవచనములతో శమింపజేయుమనిరి. ఆ యధ్యాయమందే రోగిని కొరడాతో కొట్టుట, కోరలు తీసిన పాములతో భయపెట్టుట, రాజభటులచే బెదిరింపజేయుట కూడ చికిత్సలుగా చెప్పబడినవి. మన ప్రాచీనవైద్యమును కీర్తించువారు మొదటి భాగమును చదివి రెండవదానిని దాటిపోవుట న్యాయము కాదు.

ప్రస్తుతమునకు ముఖ్యమైనది సుశ్రుతుని విభాగము. ఆయన ఉత్తరతంత్రమున ఉన్మాదమును ఆరు విధములుగా లెక్కించి, మానసదుఃఖజమును వేరుగా నిలిపెను. చోరులు, రాజపురుషులు, శత్రువులు భయపెట్టుట, ధనబంధునాశము, తీరని వలపు దానికి కారణములు. ఇవియన్నియు నిత్యజీవితమున ఎవరికైనను తటస్థించునవే. కాని దుఃఖము ఉన్మాదముగా పరిణమించిననే అది ఈ లెక్కకు వచ్చినది. పరిణమింపని దుఃఖమునకు ప్రత్యేకాధ్యాయము లేదు. చరకుడు సూత్రస్థానమున రోగమును వృద్ధిచేయువానిలో విషాదము అగ్రగణ్యమనెను. అనగా విషాదము రోగమును పెంచునది. తానుగా రోగము కాదు. నిఘంటుకారులు మాత్రము ఆధి, వ్యాధి అను జంటను నిలిపిరి. ఆధి యనగా మానసికవ్యథ యని అమరము. తెలంగాణపు ‘మనాది’లో ఈ ‘ఆధి’యే దాగియున్నదని ఊహింపవచ్చును. శాస్త్రము పక్కకు నెట్టినదానిని పల్లె నాలుక నిలుపుకొన్నది!

ఆంగ్లపాలనలో దృష్టి మరింత కుంచించుకొనిపోయినది. చెన్నపట్టణమున 1794లో వాలెంటైన్ కొనోలీ యను శస్త్రవైద్యుడు నెలకొల్పిన శాల దక్షిణమున తొలినాటిది. 1858లో మూడు చట్టములు వెలువడినవి: 34, 35 చట్టములు ముఖ్యముగా ఉన్మత్తుల న్యాయనిర్ణయమునకు, ఆస్తులకు సంబంధించినవి; 36వది ఆశ్రయశాలలకు సంబంధించినది. వీథుల తిరుగుచు ప్రమాదకరులుగా తోచినవారిని పోలీసులు మేజిస్ట్రేటు ఎదుట నిలుపవచ్చును. 1871లో కీల్పాకునను, తెలుగునాట వాల్తేరునను శాలలు వెలసినవి. 1912 నాటి 4వ చట్టము కూడ ఈ పద్ధతినే అనుసరించినది. వీథిలో అల్లరి, ఇంటిలో ఆస్తి — ఈ రెండే ప్రభుత్వమునకు కనబడినవి. నిద్రపట్టక తెల్లవార్లు దూలములు లెక్కించు గృహస్థు, అన్నము సయింపక మూల కూర్చున్న బాలింత ఏ రిజిస్టరునకును ఎక్కలేదు. రికార్డులను మాత్రమే నమ్మి చరిత్ర వ్రాయువారు ఈ సంగతి మరువరాదు.

శాలల పేర్లును మాటలయందు చేరినవి. హైదరాబాదు ఎర్రగడ్డలోని చికిత్సాలయము ఎందరికో ఉపశమనము కూర్చినది. కాని ‘ఎర్రగడ్డకు పంపవలె’ అనునది ఎగతాళిమాట అయినది. ఆ మాటకు వెరచి దిగులుపడినవాడు వైద్యుని గడప తొక్కడు. 1946 నాటి భోర్ సంఘనివేదిక ప్రకారము ఈ దేశమున 40,000 మందికి ఒక పడక. ఇంగ్లండున 300 మందికి ఒకటి. ఆ లెక్కయును పడకల లెక్కయే. పడక అవసరములేని వ్యాధిగ్రస్తులు అందు కానరారు. 1952లో క్లోర్‌ప్రొమజీన్, 1957లో ఇమిప్రమీన్ వాడుకలోనికి వచ్చిన పిమ్మట ఇంటివద్దనే చికిత్స సాధ్యమైనది. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము ఆరంభమైనది. అయినను సంకెళ్లు అంతటను తొలగలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాట ఏర్వాడిలో జరిగిన అగ్నిప్రమాదమున సంకెళ్లలోనున్నవారు తప్పించుకొనలేక మరణించిరి. మృతులు 28 మంది.

కుంగుబాటు, ఆందోళన మొదలగువానిని ‘సామాన్య మనోవ్యాధులు’ అని ఒక వర్గముగా చూచుట 20వ శతాబ్ది చివరిపాదమున బలపడినది. సామాన్యమనగా అల్పమని కాదు, విరివిగా నుండునవని. వీని బాధ మనవారి నోట తరచుగా శరీరముగుండనే పలుకును: గుండెదడ, గుండె జారుట, తల దిమ్ము, నిస్సత్తువ, ‘నరాల బలహీనత’. 1869లో అమెరికా వైద్యుడు జార్జి బియర్డు ప్రచారము చేసిన నాడీదౌర్బల్యసిద్ధాంతము పడమటి దేశములలో ప్రభ కోల్పోయినను, దానిఛాయ వంటి భావము మన సంభాషణలో నిలిచియే యున్నది. నరములు బలహీనమైనవని చెప్పుకొనుటలో సిగ్గు లేదు. మనస్సు కుంగినదని చెప్పుకొనుటలో కలదు. అందువలన రోగి టానిక్కుకై పోవును, నెలలు గడచును, పని చెడును, సంసారమున మాటలు తగ్గును. చుట్టుపక్కలవారు దానిని సోమరితనమందురు.

2015-16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేలో వయోజనులలో 10.6 శాతమునకు ఏదో యొక మనోవ్యాధి యున్నట్లు తేలినది. సామాన్య మనోవ్యాధులు కలవారిలో సుమారు 85 శాతము చికిత్సకు దూరముగా నుండిరి. ఆ సర్వే 12 రాష్ట్రములందు జరిగినది; వానిలో ఆంధ్రప్రదేశ్‌గాని తెలంగాణగాని లేదు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29న అమలునకు వచ్చినది. దానియందలి 115వ సెక్షను ఆత్మహత్యాయత్నము చేసినవారిని తీవ్రమనఃక్లేశమునకు లోనైనవారుగానే భావింపవలెనని విధించినది. చట్టము ఆర్తుని మనస్సునుగూర్చి యిట్లు పలుకుటకు 1858 నుండి నూట అరువదేండ్లు పట్టినది.

తెలుగు శాఖలు చేయదగిన పని ఒకటి మిగిలియున్నది. వైద్యుని ప్రశ్నపత్రములో ‘కుంగుబాటు’ అని యుండును. ఎదుట కూర్చున్న రైతుభార్య ‘రంది’ అనును, శ్రీకాకుళపు వృద్ధుడు ‘బెంగ’ అనును. ఏ మాట ఏ మండలమున ఎంతటి బాధను సూచించునో, ఎచట అది మామూలు దిగులు దాటి అన్నమును, నిద్రను, ప్రాణాశను హరించు వ్యాధిని చెప్పుచున్నదో మాండలికసేకరణ చేయువారు ఇంటింట అడిగి గుర్తింపవలసియున్నది.