గంట మోగక ముందు

2024 మే 18, శనివారం రాత్రి. రాయచోటి వైపు నుంచి వచ్చిన హౌస్ డ్రైవరొకాయన డ్యూటీ దిగి, కువైట్ సబా అల్ సలేంలోని మా గదికి వచ్చాడు. రియాద్‌లో టైసన్ ఫ్యూరీ, ఒలెక్సాండర్ ఉసిక్‌ల హెవీవెయిట్ పోటీ. మా గడియారమూ రియాద్ గడియారమూ ఒకటే. అయినా అసలు పోరు అర్ధరాత్రి దాటితే గానీ మొదలవదు. తెల్లారితే ఆదివారం, డ్యూటీ ఉంది. తెర మీద మాత్రం డ్రెస్సింగ్ రూములే. బాక్సరు చేతికి పట్టీలు చుట్టేటప్పుడు అవతలి శిబిరం మనిషి పక్కనే నిలబడి కాపలా కాస్తాడు. గుడ్డలో ఏం దాచినా దొరికిపోవాలి కదా. చుట్టడం అయ్యాక అధికారి వచ్చి దాని మీద గుర్తు పెడతాడు.

"ఏందన్నా, ఇంకా తన్నుకోరా? ఇంతసేపూ గుడ్డలే చుట్టుకుంటా ఉండారు," అన్నాడు.

అన్నాడే గానీ, కళ్ళు తిప్పలేదు.

నాకు మా ఊరి పద్యనాటకం గుర్తొచ్చింది. పరదా లేవక ముందే పిల్లలం పందిరి వెనక్కి చేరేవాళ్ళం. దుర్యోధనుడు గద పక్కన పెట్టి, బీడీ కాలుస్తూ మీసం అంటించుకుంటుంటే చూడటం, ఆ తర్వాత ఆయన పాడే పద్యాల కన్నా బాగుండేది. ఈ దొంగచూపు బాక్సింగ్‌లోకి ఎప్పుడొచ్చిందో ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. పోరు మొదలయ్యేదాకా వేరే పనేముంది?

సినిమా పుట్టిన కొత్తల్లోనే బాక్సర్లు కెమెరా ముందుకొచ్చారు. 1894 జూన్ 14న న్యూజెర్సీలో, ఎడిసన్ కట్టించిన 'బ్లాక్ మరియా' అనే నల్లటి షెడ్డులో మైక్ లెనార్డ్, జాక్ కుషింగ్ ఆరు రౌండ్లు తలపడ్డారు. మామూలుగా రౌండంటే మూడు నిమిషాలు. అక్కడ మాత్రం ఒక్క నిమిషమే, ఎందుకంటే కెమెరాలో పట్టే ఫిల్ము అంతే. ఇక తయారీ, ఎదురుచూపు అనేవాటికి చోటెక్కడిది?

ఆ ముడి విప్పింది ఒక చిన్న వదులు. బిగుతుగా లాగితే పొడవాటి ఫిల్ము తెగిపోతుంది. పళ్ళచక్రానికీ లెన్సు వెనక ద్వారానికీ మధ్య కాస్త ఉయ్యాలలా వేలాడనిస్తే తెగదు. 1895లో లాథమ్ కుటుంబం, వాళ్ళతో పనిచేసిన వాళ్ళు కలిసి కనిపెట్టిన ఈ వంపుకు 'లాథమ్ లూప్' అని పేరు. కనిపెట్టిందే బాక్సింగ్ తీయడానికి. 1897 మార్చి 17న కార్సన్ సిటీలో కార్బెట్, ఫిట్జ్‌సిమన్స్‌ల పోరును ఇనాక్ రెక్టర్ గంటన్నర బొమ్మగా తీశాడు. పోరుకు ముందు పరిచయాలు, రౌండ్ల మధ్య విరామాలు కూడా అందులో పడ్డాయి. బాక్సరు ఊరికే కూర్చున్న నిమిషాలకు అలా ఫిల్ము దొరికింది.

తర్వాత చాలాకాలం కథ కుంటింది. 1910లో నల్లజాతి చాంపియన్ జాక్ జాన్సన్, తెల్లవాడైన జెఫ్రీస్‌ను చిత్తు చేశాడు. ఆ బొమ్మలు అందరూ చూడటం ఓర్చుకోలేనివాళ్ళు 1912లో అమెరికాలో చట్టం తెచ్చారు, బాక్సింగ్ ఫిల్ములు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోకూడదని. అది 1940 దాకా పోలేదు.

ఇక అసలు మనిషి. స్టాన్లీ కుబ్రిక్ అప్పటికి 'లుక్' పత్రికలో ఫొటోగ్రాఫర్, కుర్రాడే. న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్ మిడిల్‌వెయిట్ బాక్సర్ వాల్టర్ కార్టియర్ వెంటపడి తీసిన ఫొటోలు 1949 జనవరిలో అచ్చయ్యాయి. అవే ఫొటోలు కదిలితే? 21 ఏళ్ళ వయసులో సొంత డబ్బు పెట్టుకుని దిగాడు. 'డే ఆఫ్ ద ఫైట్' అనే ఆ చిన్న సినిమా పొద్దున ఆరింటికి మొదలవుతుంది. వాల్టర్, అతని కవల సోదరుడు విన్సెంట్ నిద్ర లేస్తారు. చర్చికి వెళ్తారు. డాక్టరు పరీక్ష. ఇష్టమైన హోటల్లో భోజనం. అద్దంలో తన ముఖం ఒకసారి చూసుకోవడం, రేపటికి ఇది ఇలాగే ఉంటుందో లేదో అన్నట్టు. సాయంత్రం నాలుగింటికి సామాను సర్దుకోవడం. ఎనిమిదికి నెవార్క్‌లోని లారెల్ గార్డెన్‌లో, డ్రెస్సింగ్ రూములో. రాత్రి పదింటికి రింగు. అంటే పదహారు గంటల రోజులో దెబ్బలాట కొన్ని నిమిషాలే. ఆ లెక్క పట్టుకోవడమే కుబ్రిక్ తెలివి.

ఆ పోరు జరిగిన 1950 ఏప్రిల్ 17 రాత్రి కుబ్రిక్, స్నేహితుడు అలెగ్జాండర్ సింగర్ చెరో ఐమో కెమెరాతో ఉన్నారు. యుద్ధవార్తలు తీసిన గట్టి కెమెరా అది. కానీ అందులో పట్టేది వంద అడుగుల రీలు, నిమిషం పైన కొన్ని సెకన్లు. ఎడిసన్ షెడ్డు దాటి యాభై ఏళ్ళకు పైనే అయినా చేతికెత్తుకునే కెమెరాకు అదే ఇరుకు! రీలు మార్చుకుంటూ ఉండగానే కుబ్రిక్‌కు నాకౌట్ దెబ్బ తప్పిపోయింది. సింగర్ పట్టాడు. సినిమాకు సుమారు 3,900 డాలర్లయితే ఆర్‌కేఓ సంస్థ 4,000కు కొన్నది. లాభం నూరు డాలర్లు.

ఆ బొమ్మలో వ్యాఖ్యాత మాట్లాడతాడు, కార్టియర్ మాట్లాడడు. గొంతును బొమ్మతో కలిపి పట్టే పరికరం భుజానికెత్తుకునేంత తేలికైంది 1960 ప్రాంతంలోనే. అలాంటి కెమెరాలతో దర్శకుడు లియన్ గాస్ట్ 1974లో జైర్ వెళ్ళాడు. అక్కడ మహమ్మద్ అలీతో పోరుకు సాధన చేస్తుండగా ఫోర్‌మన్‌కు కంటిపైన చీరుకుని, సెప్టెంబర్ 25 పోరు అక్టోబర్ 30కి వాయిదా పడింది. ఆ ఖాళీ రోజుల్లో కెమెరా అలీ వెంట తిరిగింది. డబ్బు చిక్కుల వల్ల ఆ సినిమా, 'వెన్ వి వర్ కింగ్స్', తెర మీదకొచ్చేసరికి 1996. డాక్యుమెంటరీలు తీసే మేజల్స్ సోదరుల కథ ఇంకా విచిత్రం. 1980లో అలీ, హోమ్స్ ఇద్దరి శిబిరాలూ తీశారు. అలీ ఓడాడు. ఓడిన అలీని కొనేవాళ్ళు లేక ఆ సినిమా ఏళ్ళ తరబడి మూలపడింది.

2007లో హెచ్‌బీఓ ఈ ఎదురుచూపునే సరుకు చేసింది. డి లా హోయా, మేవెదర్‌ల మే 5 పోరుకు ముందు '24/7' పేరుతో నాలుగు భాగాలు ప్రసారం చేసింది. పోరును 24 లక్షల ఇళ్ళు డబ్బు కట్టి చూశాయి. అంతా ఆ నాలుగు భాగాల మహిమేనంటే నేనొప్పుకోను, కానీ అప్పటినుంచి పెద్ద పోరేదైనా కెమెరా ముందుగానే వంటింట్లోకి వచ్చేస్తోంది.

ఇంతలో టీవీలో ఉసిక్ నడిచొస్తున్నాడు. డ్రైవరన్న వింటున్నాడో లేదో తెలియలేదు. కాసేపటికి అడిగాడు:

"ఆ కార్టియర్ చేతిలో ఓడిపోయినోడు ఎవురన్నా?"

"బాబీ జేమ్స్."

"వాడు పొద్దున్నే ఏం తిన్యాడో తీయలేదా?"

తీయలేదన్నాను. రియాద్‌లో మొదటి రౌండు గంట మోగింది.