చెరకు తోటలలో తెలుగు పాట

తోటకూలికై సముద్రాలు దాటిన తెలుగువారి చరిత్ర రెండు చోట్ల నిలిచి ఉన్నది. ఒకటి ప్రభుత్వ దస్తావేజులు. నాటి భారత ప్రభుత్వపు వలసశాఖ కాగితాలు ఢిల్లీలోని జాతీయ పత్రభాండాగారంలో భద్రంగా ఉన్నవి. రెండవది ఆ కూలీల సంతతివారు పాడుకొనే పాటలు. దస్తావేజులకు మనం చరిత్రలో వేసిన పీట పాటలకు ఇంకను వేయలేదు. మారిషస్ తెలుగువారిని దృష్టాంతంగా తీసికొని ఈ విషయం పరిశీలింతము.

మారిషస్‌లో బానిసత్వం 1835లో రద్దయినది. చెరకు తోటలకు పనివారు కావలసివచ్చినారు. 1834 మొదలు 1920 వరకు ఇంచుమించు ఐదు లక్షలమంది భారతీయ కూలీలు పోర్ట్‌లూయీ రేవులో దిగినారు. వారిలో మనవారు కోరంగి, మద్రాసు వంటి రేవులలో ఓడ ఎక్కినవారు. కాకినాడ చెంతనున్న కోరంగి 1839 తుఫానులో ధ్వంసమైనది. అయినను ఆ ద్వీపంలో తెలుగువారికి కోరంగివారనే పేరు వాడుకలో నిలిచినది. రేవు పోయినది, పేరు పోలేదు.

అక్కడి జీవితం ఎట్టిదో చట్టాలే చెప్పుచున్నవి. ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ళ కూలి కోసివేసేవారు. ఒడంబడిక తీరినవారు సైతం, 1867 చట్టం తరువాత, తమ ఛాయాచిత్రం అతికిన అనుమతిపత్రం వెంట ఉంచుకొనవలసివచ్చినది. అది లేకున్న నిర్బంధమే. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిత్జ్ అనునాతని తోడ్పాటుతో 9,000కు పైగా పాతకూలీలు గవర్నరుకు విన్నపం పెట్టుకొన్నారు. మరుసటి యేడు విచారణకై రాయల్ కమిషన్ వచ్చినది. ఆ నివేదికలలో కూలీల కష్టం పరభాషలో, పరుల కలంతో వ్రాయబడినది. ప్రతి మనిషికీ పట్టికలో ఒక సంఖ్య ఉన్నది.

ఆ సంఖ్యకు ఎదురుగా నిలిచినది పాట. మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్నను కొలుతురు. అమ్మోరు పండుగ చేతురు. దీపం చుట్టును తిరుగుచు రామభజన సాగింతురు. సింహాచలం కొండ విశాఖ సీమలో ఉన్నది. ఆ కొండను కన్నెత్తి చూడనివారి నోట ఆ దేవుని పేరు తరతరాలుగా పలుకుచున్నదన్న, తాతలు విడిచివచ్చిన సీమ ఏదో పాటయే గుర్తుపెట్టుకొన్నదన్నమాట.

ఇది ప్రతిఘటన ఎట్లగునని అడుగవచ్చును. భజనపాటలో తోటదొరను నిందించిన మాట ఒక్కటైనను ఉండనక్కరలేదు. పగలంతయు యజమానిది, ఒకనాటి గైరుహాజరుకు రెండునాళ్ళు కోసుకొనే హక్కు కూడ అతనిదే. కాని దీపం చుట్టును నిలిచిన రాత్రి ఎవరి లెక్కలోను చేరదు. అక్కడ సంఖ్యలు లేవు. వరుసలు పెట్టి పిలుచుకొనే మనుష్యులున్నారు. తమ కాలంలో కొంత భాగాన్ని తమకే నిలుపుకొనుట ఆ చట్టాల నడుమ చిన్న ధిక్కారం కాదు.

1916 మార్చి 20న ఢిల్లీలో, శాసనమండలిలో, మదనమోహన మాలవీయ ఈ కూలిపద్ధతి రద్దు కావలెనని తీర్మానం ప్రతిపాదించినారు. ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించినది. ఆ ఉపన్యాసం ముద్రితమై మనకు దక్కినది. తోటలలోని గొంతులు అట్లు దక్కలేదు.

నేడు ఆ ద్వీపంలోని తెలుగు కుటుంబాలలో ఎక్కువమంది ఇంటిభాష క్రియోలు. అర్థం తెలియక పాడే పాటలో మాటలు అరుగును, మారును. అక్కడి భోజ్‌పురి పెండ్లిపాటల సంప్రదాయమైన గీత్-గవాయిని 2016లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించినది. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ వెలువడిన 1958 మొదలు మన పల్లెపాటకు పండితసభలో గౌరవం పెరిగినది. ఆ గౌరవం కడలి ఆవలి పాటకును చెందవలెను.

అయితే సేకరించువారికి ఒక మనవి. ఆ పాటలలోని ‘తప్పులు’ దిద్దకుడు. అరిగిన మాట ఎన్ని నోళ్ళు దాటి వచ్చినదో చెప్పును. కలిసిన క్రియోలు మాట ఎవరి నడుమ బ్రతికినదో చెప్పును. దిద్దినచో మనకు శుద్ధమైన తెలుగు దక్కును గాని, వారి చరిత్ర దక్కదు.