తెర వెనుక బలిపీఠం

మాది గుంటూరు లూథరన్ సంఘం. 1842లో ఫాదర్ హయ్యర్ రావడంతోనే మన దేశంలో క్రీస్తుమతం మొదలైనట్టు పెరిగినదాన్ని! కొట్టాయంలో సిరియన్ ఆర్థడాక్స్ చర్చికి వెళ్ళాక ఆ భ్రమ వదిలింది.

చెప్పులు బయటే. తలపై ముసుగులతో ఆడవాళ్ళంతా ఓ పక్క నిలబడ్డారు. బలిపీఠానికి తెర, సాంబ్రాణి ధూపం, మలయాళం మధ్య సిరియాక్ మాటలు. పాటల పుస్తకం లేక చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు.

ఆ సిరియాక్ కోసం వాళ్ళు పడ్డ బాధ తక్కువా? 1599లో ఉదయంపేరూరు సభ పెట్టి పోర్చుగీసువారు పూజావిధి మార్పించారు, గ్రంథాలు తగలబెట్టించారు. 1653లో మట్టాంచేరిలో జనం, జెసూట్లకిక లోబడేది లేదని ప్రమాణం చేశారు. శిలువ అందరికీ అందక, దానికి తాళ్ళు కట్టి పట్టుకున్నారట. మా పూజో? దొరలు నేర్పిందే.

ఇంతలో శాంతివందనం బలిపీఠం నుంచి చేతులమీదుగా వచ్చింది. పక్కనున్న ముసలమ్మగారు నా చేతులు పట్టుకుని అందించారు. నేను వెనకావిడకిచ్చాను.