అప్పీలు తేలదు, బెయిలు దొరకదు: మళ్లీ పిటిషను

జైల్లో ఉన్న ముద్దాయి అప్పీలును హైకోర్టు విచారణకు స్వీకరించింది, బెయిలు మాత్రం ఇవ్వలేదు. రెండేళ్లు గడిచాయి, అప్పీలు కదల్లేదు. వకీలు మళ్లీ బెయిలు పిటిషను వేస్తాడు. అదీ పోతే ఇంకొన్నాళ్లకు మరోటి. దీన్ని కోర్టును విసిగించడంగా చూసేవాళ్లున్నారు. నన్నడిగితే ఈ అలవాటుకు ముద్దాయి మొండితనం కన్నా అప్పీళ్ల ఆలస్యమే మూలం.

అప్పీలు తేలేదాకా శిక్షను నిలిపి బెయిలు ఇచ్చే అధికారం పాతదే. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 426వ సెక్షన్, 1973 కోడ్‌లో 389, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 430. ఎన్నిసార్లు అడగవచ్చో వీటిలో ఎక్కడా రాయలేదు. ఒకటి మాత్రం మారలేదు: చివరికి జైలుశిక్షే ఖాయమైతే, బెయిలు మీద బయట గడిపిన కాలం శిక్షలో కలవదు. బెయిలంటే శిక్ష తప్పించుకోవడమే అనుకునేవాళ్లకు ఈ సంగతి గుర్తుండదు.

యావజ్జీవం పడినవాళ్లకు అప్పీలు దశలో బెయిలు ఇవ్వకపోవడం ఒకప్పటి ఆనవాయితీ. త్వరలోనే అప్పీలు విచారణకొస్తుందిలే అన్న నమ్మకం దానికి ఆధారం. ఆ నమ్మకం ఎప్పుడో చెడింది, ఆనవాయితీ మిగిలింది. 1977లో కశ్మీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ భగవతి దీన్నే పట్టుకున్నారు. నీ అప్పీల్లో విషయముంది, కానీ వినడానికి మాకు కొన్నేళ్లు తీరిక లేదు, నిర్దోషివైనా అందాకా లోపలే ఉండు అని ఎలా చెప్పగలమన్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే గుడికంటి నరసింహులు కేసు వచ్చింది. సెషన్స్ కోర్టు వదిలేసిన వాళ్లకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు శిక్ష వేసింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ షరతులతో బెయిలు ఇచ్చారు.

రెండోసారి అడగవచ్చా అన్న అసలు ప్రశ్న తేలింది 1978 జనవరిలో, బాబూ సింగ్ కేసులో. ఆ కేసు ముద్దాయిలకు అంతకుముందే సుప్రీంకోర్టు బెయిలు నిరాకరించింది. ఇంట్లోని మగవాళ్లంతా జైల్లోనే ఉన్నారు. ఒకసారి కాదన్న ఉత్తర్వు ఆఖరి తీర్పు కాదని, పరిస్థితి మారితే మళ్లీ చూడవచ్చని కృష్ణయ్యర్ తేల్చారు. తలుపు తెరుచుకుంది. గడిచిన కాలమే కొత్త కారణమైంది.

తలుపు తెరిచాక కాపలా పెట్టక తప్పలేదు. ఒక జడ్జి కాదంటే ఇంకో జడ్జిని వెతుక్కునే తెలివితేటలు బయల్దేరాయి. 1989లో నౌకాదళ మాజీ అధికారి కెప్టెన్ బుద్ధికోట సుబ్బారావు కేసులో, మళ్లీ వేసిన పిటిషను వీలైనంతవరకు మొదట విన్న జడ్జి ముందుకే వెళ్లాలని సుప్రీంకోర్టు చెప్పింది. అది విచారణ దశ కేసే అయినా జడ్జిల వేటకు పగ్గం వేసిన తీర్పుగా నిలిచింది.

మన దగ్గర 2016లో బత్చు రంగారావు కేసులో హైదరాబాద్ హైకోర్టు ఎంతకాలం గడిస్తే బెయిలు అడగవచ్చన్నదానికి ఓ కొలత పెట్టింది. యావజ్జీవం పడి అప్పీలు పెండింగులో ఉన్న ఖైదీ, శిక్ష పడ్డాక అయిదేళ్లు జైల్లో గడిపితే బెయిలు అడగవచ్చంది. కొన్ని తీవ్ర నేరాలను మినహాయించింది. ఏళ్లు లెక్కపెట్టి బెయిలివ్వడం న్యాయమా అంటే, ఏళ్లకేళ్లు అప్పీలు వినకపోవడం కన్నా నయమే.

2024 జనవరిలో ఒడిశా నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు మరో నియమం చేర్చింది: బెయిలు పిటిషనులో పాత పిటిషన్ల వివరాలు, ఉత్తర్వుల కాపీలు ఉండాలి. దాచిపెట్టేవాళ్లకు ఇది మంచి మందే. కానీ వకీళ్లు మారి, లీగల్ ఎయిడ్ మీద ఆధారపడ్డ ఖైదీకి పాత ఉత్తర్వు కాపీ సంపాదించడమే ఓ ప్రయాస.