హైదరాబాదులో సైనిక పాలన సడలింపు: కారణాలు, పరిమితులు

సైనిక ప్రభుత్వం తన పట్టును తానే ఎందుకు సడలించుకుంటుంది? బ్రెజిల్‌లో 1974లో అధ్యక్షుడైన జనరల్ గైజెల్ ఆచితూచి సడలింపు ప్రారంభించగా, పౌర అధ్యక్షుడు 1985లో గాని రాలేదు. అక్కడ నిర్ణయం సైన్యానిదే. హైదరాబాదు సంస్థానంలో సైన్యం ఢిల్లీ ప్రభుత్వానికి లోబడినది కనుక ఈ ప్రశ్నను ఇక్కడ వేరుగా పరిశీలించవలసి ఉంది.

1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. సైనిక గవర్నరుగా నియుక్తుడైన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి పాలనాధికారానికి చట్టబద్ధమైన ఆధారం నిజాం ఫర్మానాయే. ఓడిన ప్రభువు పేరిట సాగే సైనిక పాలన దీర్ఘకాలం నిలిచేది కాదు. హైదరాబాదు ఫిర్యాదు అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి చేరింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రానుండటంతో పౌర పాలన అనివార్యమైంది. ఇది మొదటి కారణం.

పైస్థాయిలో సైన్యం అవసరం తీరిపోవడం రెండవ కారణం. నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్ 1949లో ప్రభుత్వపరమయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు నిబంధన వెలువడింది. నవంబరులో నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా జారీచేసి, తరువాత రాజప్రముఖ్ అయ్యాడు. ఎదిరించగలవారు పైస్థాయిలో లేకపోయాకే సైనికాధికారి స్థానంలో ఐ.సి.ఎస్. అధికారి ఎం.కె. వెల్లోడి వచ్చారు. 1950లో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో చేరి, 1952 ఎన్నికల అనంతరం ముఖ్యమంత్రి అయ్యారు. సైనికాధికారి, పౌరాధికారి, ప్రజాప్రతినిధి అనే ఈ మూడు మెట్లు దాటడానికి మూడున్నరేళ్లు పట్టింది.

అయితే ఈ సడలింపు నల్లగొండ, వరంగల్లు పల్లెలకు చేరలేదు. గవర్నరు మారినా, కమ్యూనిస్టు దళాలపై సాయుధ చర్యలు ఆగలేదు. 1951 అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించేవరకు అవి సాగాయి. అధికారానికి సవాలు లేనిచోట పట్టు సడలింది, సవాలున్నచోట బిగిసింది. అయినా బలప్రయోగమొక్కటే చాలలేదు. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించింది. భూమి ప్రశ్నను రైతులు ముందుకు తేకపోతే ఆ చట్టం అంత త్వరగా వచ్చేదని భావించలేము.

1952 ఎన్నికలలో నల్లగొండ ఇందుకు సాక్ష్యం పలికింది. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున ప్రజాస్వామ్య ఫ్రంటు పక్షాన నిలిచిన రావి నారాయణరెడ్డి, నెహ్రూను మించిన ఓట్లతో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

కనుక సడలింపు తేదీని పాలకులు నిర్ణయించినా, దాని పరిమాణాన్ని పోరాటమే నిర్ణయించిందని చెప్పవచ్చు. తెలంగాణ సాహిత్యాన్ని ‘పోలీసు చర్య’కు ముందు, తరువాత అని విభజించే పరిశోధకులు దీనిని గుర్తించడం అవసరం. రాజధానిలో 1949తో ముగిసిన సైనిక కాలం పల్లెలో 1951 దాకా సాగింది. ఆనాటి కథలను, నవలలను చదవవలసింది పల్లె కాలమానంతోనే.